రాజమండ్రికి గోదావరి స్టేషన్ అని ఇంకోటి ఎందుకుంది, దేంట్లో దిగాలి?

మాది కొవ్వూరు. చిన్నప్పుడు అమ్మమ్మతో వారానికోసారైనా ఏరు దాటి రాజమండ్రి వెళ్ళేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

రాజమండ్రి స్టేషన్ కథ నిజానికి బ్రిడ్జి కథే. 1890ల్లో బెజవాడ నుంచి రైలు మార్గం వేశాక కూడా మధ్యలో గోదావరి అడ్డం. మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొవ్వూరులో దిగి, సామాన్లతో సహా ఏరు దాటి, అవతలి ఒడ్డున మళ్ళీ రైలెక్కాల్సిందే. గోదావరికి వరదొస్తే ఆ దాటడం ఎలా ఉంటుందో మా ఒడ్డువాళ్ళకి చెప్పక్కర్లేదు. వాల్టన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1897లో వంతెన పని మొదలై, 1900లో రైళ్ళు నడిచాయి. 56 ఖానాలు, పొడవు రెండున్నర కిలోమీటర్ల పైనే. అప్పటి మద్రాసు గవర్నర్ పేరు మీద హేవలాక్ బ్రిడ్జి అన్నారు. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు ఏరు దగ్గర ఆగకుండా సాగింది, మా ఊళ్ళ తలరాత మారింది అప్పట్నుంచే.

ఆ వంతెన మీద ప్రయాణం నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. కొవ్వూరు దాటగానే చక్రాల చప్పుడు మారిపోయేది. అమ్మమ్మ కొంగు ముడి విప్పి పావలా చేతిలో పెట్టేది, "గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని వెయ్యరా" అని. ఒకసారి నేను తొందరపడి విసిరితే ఇనప దూలానికి టంగుమని తగిలి పట్టాల పక్కనే పడిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ ఇంకో ముడి విప్పి మరో పావలా ఇచ్చింది.

1974లో రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి వచ్చింది. తర్వాత విల్లు ఆకారం వంతెన కట్టాక, 1997లో హేవలాక్‌కి విశ్రాంతినిచ్చారు. దాన్ని తుప్పు పట్టనివ్వకుండా కాపాడుకోవాలని నా గట్టి కోరిక.

ఇక మీ ప్రశ్న. కొవ్వూరు వైపు నుంచి ఏరు దాటగానే వచ్చేది గోదావరి స్టేషన్, ఆ తర్వాతది రాజమండ్రి. పుష్కర ఘాట్‌లో స్నానానికైతే గోదావరి స్టేషన్లో దిగండి, నడిచి వెళ్ళిపోవచ్చు. కానీ అక్కడ అన్ని బళ్ళూ ఆగవు, టికెట్టు తీసుకునే ముందే చూసుకోండి. సామాన్లున్నా, పిల్లలున్నా రాజమండ్రిలోనే దిగండి. దాటేటప్పుడు మాత్రం నిద్రపోకండి, పాత బ్రిడ్జి స్తంభాలు ఏట్లో వరసగా కనిపిస్తాయి.