బోదకాలు ఉన్నవారి ఇంటికి వెళ్లేటప్పుడు

చిరంజీవి సునీతకు ఆశీస్సులు.

దేవరకొండ వైపు ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంగా చేరావనీ, బోదకాలు ఉన్నవారు "దీనికి మందే లేదా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదనీ రాశావు. నా ఉద్యోగమంతా నల్లగొండ పల్లెల్లోనే గడిచింది కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

క్యూలెక్స్ దోమ ద్వారా ఒంట్లో చేరిన ఫైలేరియా పురుగులు ఏళ్ల తరబడి బతికి శోషరస నాళాలను, అంటే ఒంట్లోని కణజాలంలో చేరే నీటిని తిరిగి రక్తంలోకి పంపే సన్నని గొట్టాలను, పాడుచేస్తాయి. డీఈసీ మాత్ర ఆ పురుగుల మీద పనిచేస్తుందే కాని, ఒకసారి దెబ్బతిన్న నాళాలను బాగుచేయదు. ఈ మాట దాచకుండా చెప్పు. అయితే కాలు ఏటేటా లావెక్కడానికి అసలు కారణం వేళ్ల సందుల్లోని చీలికల గుండా సూక్ష్మక్రిములు లోపలికి చేరడం, దానివల్ల గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం రావడం, అలా వచ్చిన ప్రతిసారీ చర్మం మరింత మందం కావడం అని కూడా చెప్పు. ఆ జ్వరాలను ఆపగలిగితే కాలు పెరగడం ఆగుతుంది. రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి తగ్గే తొలిదశ వాపు అయితే చాలావరకు తగ్గిపోతుంది కూడా.

జ్వరాలను ఆపడానికి కావలసినవి సబ్బు, నీళ్లు, పొడిబట్ట మాత్రమే. వాటిని వాడే తీరు మాత్రం నోటితో చెప్పి వదిలేయకు, దగ్గర కూర్చొని ఒకసారి చేసి చూపించు. వేడినీళ్లు వద్దు, గోలెంలోని మామూలు నీళ్లు చాలు. మన బోరునీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, అందుకని గట్టిగా రుద్దడం మొదలుపెడతారు. అలా రుద్దితే చర్మం చీలుతుంది కాబట్టి చేత్తో మెల్లగా, మోకాలి నుంచి పాదం దాకా, మడతల లోపల, ప్రతి వేలి సందులో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయాలి. ఆ తరువాత తుడవడమే అన్నిటికన్నా ముఖ్యమైన పని అని నా అభిప్రాయం, ఎందుకంటే తడి మిగిలిన సందులోనే చర్మం తెల్లగా నాని చీలుతుంది. మెత్తని బట్టతో అద్ది, సందు సందూ ఆరిందో లేదో చూసుకోవాలి. చీలిక కనిపిస్తే శిలీంధ్రానికి వాడే పూతమందు రాయాలి. ఆకుపసర్లు, వాతలు ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

నాట్ల కాలంలో సాగర్ ఆయకట్టు ఊళ్లకు వెళితే నీకు మరింత ఓపిక కావాలి. బోదకాలు ఉన్న ఆడవాళ్లు కూలి మానుకోలేక రోజంతా బురదలో నిలబడతారు. వాళ్లను పొలానికి వెళ్లవద్దని అనడం కన్నా, ఇంటికి రాగానే కాలు కడిగి ఆరబెట్టుకోమని, మిగతా వేళల్లో వెడల్పు చెప్పులు వేసుకోమని చెప్పడమే న్యాయం. రాత్రి మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించు, కూర్చున్నప్పుడు పాదాన్ని చీలమండ దగ్గర పైకీ కిందికీ, గుండ్రంగా తిప్పించు. గుండెజబ్బు ఉన్నవారికి మాత్రం డాక్టరును అడగకుండా కాలు ఎత్తు పెట్టించకు.

జ్వరం వచ్చి కాలు ఎర్రబడినప్పుడు వ్యాయామం, మర్దన రెండూ ఆపించు. తడిబట్ట వేసి, నీళ్లు బాగా తాగించి, పారాసెటమాల్ ఇచ్చి, యాంటీబయాటిక్ కోసం వెంటనే పీహెచ్‌సీకి పంపు. మత్తుగా ఉన్నా, పుండు చీము పట్టినా పెద్దాసుపత్రికి పంపాలి.

బోదకాలు రాకుండా ఊళ్లో అందరికీ సామూహికంగా మాత్రలు పంచే రోజున "నాకు వాపు లేదు కదా" అనేవారే ఎక్కువమంది ఎదురవుతారు. వాపు లేనివారి రక్తంలోనూ పురుగు పిల్లలు తిరుగుతూ ఉండవచ్చని, అవి దోమ ద్వారా పక్కింటి బిడ్డకు చేరతాయని విడమరిచి చెప్పి, అన్నం తిన్నాక నీ ఎదుటే మింగించు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వకూడదు. మింగాక కొందరికి వచ్చే జ్వరం, తలతిప్పు చాలావరకు పురుగు పిల్లలు చనిపోవడం వల్లనే అని ముందే చెబితే మరుసటి ఏడాది నిన్ను చూసి తలుపు వేసుకోరు.

మగవారిలో ఈ పురుగుల వల్లే వరిబీజం (వృషణాల సంచిలో నీరు చేరి వాయడం) వచ్చినవారు సిగ్గుతో నీకు చెప్పరు. ఆశా కార్యకర్త ద్వారానో, వాళ్ల ఇంటి పెద్దల ద్వారానో కనుక్కో. కాలివాపులా కాక, అది ఆపరేషన్‌తో నయమవుతుంది, కాబట్టి పేర్లు రాసుకొని డాక్టరు గారికి ఇచ్చి, ఆసుపత్రిలో తేదీ ఇప్పించేదాకా వెంటపడు.