మాత్ర ఎక్కినప్పటి నడక, దిగినప్పటి నడక

మీరు అడిగింది ఇది: "మా అమ్మకి పార్కిన్సన్స్ అని ఆరు నెలల కిందట చెప్పారు. వేస్తున్న మాత్రలు మెదడులో ఏం చేస్తాయి? అమ్మ నడక మళ్లీ మామూలుగా అవుతుందా?"

నేను డాక్టర్ని కాదు. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు, కొబ్బరి తోట. మా నాన్నని ఈ జబ్బుతో తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను, నడక వస్తుంది. మా నాన్న మాత్రలు మొదలెట్టిన రెండు నెలలకి తోటలో నిలబడి కొబ్బరికాయల దింపు చేయించారు. అంతకుముందు ఏడాది దింపు లెక్కల పుస్తకంలో ఆయన అక్షరాలు చిన్నవైపోతూ, వరస చివరికి వచ్చేసరికి చీమల్లా అయిపోతుంటే మేం రెండుసార్లు కళ్లజోడు మార్పించాం. అది కూడా ఈ జబ్బు లక్షణమేనని మాకు చెప్పినవాళ్లు లేరు. "వయసు కదండీ" అని అందరూ అన్నారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏడాది పోయింది ఆ మాట వల్ల.

మా ఇంట్లో మాత్ర "ఎక్కింది", "దిగింది" అంటాం. పొద్దున్న ఏడింటికి మాత్ర వేసుకోకముందు నాన్న వసారాలో నడిస్తే ఎడమకాలి చెప్పు గచ్చుని రాసుకుంటూ సర్రు సర్రుమంటుంది. అడుగు జానెడు పడదు. ఎడమ చెయ్యి ఊగకుండా పక్కకి అతుక్కుని ఉంటుంది. ఏడూ నలభై అయ్యేసరికి అదే చెప్పు టప్పు టప్పుమని మడమకి తగులుతుంది. మా అమ్మ వంటింట్లో కూర కలుపుతూ తల తిప్పకుండానే "ఎక్కిందిరా, టిఫిన్ పెట్టేస్తాను" అంటుంది. ఏ స్కానింగూ అంత కచ్చితంగా చెప్పలేదని నా నమ్మకం.

లోపల జరిగేది నాకు అర్థమైనంతలో చెబుతాను. మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అని చిన్న నల్లటి భాగం ఉంటుంది. కదలికలకి కావలసిన డోపమిన్‌ని తయారుచేసే కణాలు అక్కడివి. చెయ్యి వణుకుతోందని మనం గమనించేనాటికే వాటిలో చాలా భాగం చచ్చిపోయి ఉంటాయి. డోపమిన్‌నే మింగిద్దామంటే అది మెదడులోకి దూరదు. అందుకని లీవోడోపా ఇస్తారు, అది లోపలికి వెళ్లి డోపమిన్ అవుతుంది. దాంతో కలిపి ఇచ్చే కార్బిడోపా, మందు దారిలోనే ఖర్చయిపోకుండా కాపలా కాస్తుంది. 1961లో వియన్నాలో మంచం దిగలేని రోగులకి లీవోడోపా ఇంజక్షన్ ఇస్తే లేచి నడిచారు. ఇన్నేళ్లయినా నడక విషయంలో దాన్ని మించిన మాత్ర రాలేదు.

డోపమిన్ తగ్గినప్పుడు, కదలికల్ని నడిపే కణాలు సెకనుకి 13 నుంచి 30 సార్లు గుంపుగా ఒకే తాళంలో కొట్టుకోవడం ఎక్కువవుతుంది. బీటా లయ అంటారు దాన్ని. మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నేరుగా కొలిచి చూశారు. మా రేవులో మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పంటు ఉంటుంది, దాని ఇంజను పక్కన నిలబడితే పక్కమనిషి అరిచినా వినపడదు. అలాగే "నడు" అన్న మాట ఆ హోరులో కాళ్లదాకా రాదు. మాత్ర ఎక్కితే ఆ హోరు తగ్గుతుంది, చెప్పు టప్పుమంటుంది.

మొదటి నాలుగేళ్లూ మూడు పూటలా మాత్ర వేస్తే రోజంతా సాఫీగా వెళ్లిపోయేది. తర్వాత అలా కుదరలేదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఊరి మంచినీళ్ల చెరువు నిండుగా ఉంటే ఎవరికీ ఏమీ తెలీదు. చెరువు పూడిపోయిన ఊళ్లో కాలవ పారినన్నాళ్లే నీళ్లు. మెదడులో మిగిలిన కణాలు ఆ చెరువు లాంటివి, డోపమిన్‌ని దాచి కొంచెం కొంచెంగా వదులుతాయి. అవీ తగ్గిపోయేకొద్దీ మందు రక్తంలో ఉన్నంతసేపే నడక. లీవోడోపా రక్తంలో సగానికి సగం తగ్గిపోవడానికి గంటన్నర చాలు.

ఇది నాకు తెలిసొచ్చింది ఐదో ఏట, నరసాపురం నుంచి తిరిగి వస్తుంటే. మా మేనత్తగారింట్లో గృహప్రవేశం. నాన్నకి మధ్యాహ్నం మాత్ర ఒంటిగంటకి. వ్రతం ఆలస్యమైంది, మొదటి బంతి లేచి మేం కూర్చునేసరికి రెండు. ఖాళీ కడుపుతో ఎందుకులే అని నేనే ఆపి, అన్నం మధ్యలో వేశాను. ఆకులో ముద్దపప్పు, గారెలు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు. "ఇంకో గారె అన్నయ్యా" అని మా అత్తయ్య రెండుసార్లు వేసింది. పప్పులో, మినుముల్లో, పెరుగులో ఉండే మాంసకృత్తులు కూడా పేగులు దాటడానికి, మెదడులోకి దూరడానికి ఈ మందు వెళ్లే దారినే వెళ్తాయట. అంత రద్దీలో మాత్ర వెనకబడిపోతుంది. భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వెయ్యాలని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం రేవుకి వచ్చేసరికి ఐదున్నర, పంటు అవతల ఒడ్డున ఉంది. ఆరు గంటల మాత్ర ఇంట్లో ఉండిపోయింది. ఐదుకల్లా వచ్చేస్తాం కదా అని పట్టుకెళ్లలేదు. వశిష్ఠ గోదావరి దాటుతున్నంతసేపూ నాన్న కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నారు, ఇటు ఒడ్డున ఎవరి తోట ఎంత కోసుకుపోయిందో చెబుతూనే ఉన్నారు. సఖినేటిపల్లి రేవులో ఇనప పలక సిమెంటు మీద వాలింది. మోటారు సైకిళ్లన్నీ ఒక్కసారే స్టార్టయ్యాయి. జనం దిగుతున్నారు. నాన్న ఆ పలకా సిమెంటూ కలిసే గీత దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

అలసిపోయి ఆగడం కాదండీ అది. నడుం పైన మనిషి ముందుకే వెళ్తున్నాడు. మోకాళ్లు గజగజలాడుతున్నాయి. పాదాలు మాత్రం మేకులు దిగ్గొట్టినట్టు ఉన్నాయి. వెనక హారన్లు. ఎవరో "తాగేసున్నాడేంటండీ" అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి మా నాన్న. ఆ మాట ఆయనకి వినపడింది. నేను కంగారుపడి చెయ్యి పట్టి లాగాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు. ఒళ్లు వచ్చింది, కాళ్లు రాలేదు, ఇద్దరం పడబోయాం. నాన్న నా చొక్కా పిడికిట్లో బిగించి "లాగకురా, లాగకు" అన్నారు. ఆయన గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

పంటు మీద పనిచేసే ముసలాయన ఒకాయన, బళ్లు మా మీదకి రాకుండా చేతిలో ఉన్న వెదురు గెడ అడ్డం పెట్టాడు. ఆ తోపులాటలో గెడ చెయ్యి జారి నాన్న పాదాల ముందు అడ్డంగా పడింది. నాన్న దాన్ని చూశారు. కుడికాలు లేచింది, గెడ దాటింది. వెనకే ఎడమకాలు. ఇంక ఆగలేదు, పది అడుగులు గబగబా వేసి టీకొట్టు బల్ల మీద కూలబడ్డారు. ముసలాయన గెడ తీసుకుంటూ "దాటేశారు కదండీ బాబుగారూ, ఆయ్, ఏం పర్లేదండి" అని వెళ్లిపోయాడు. ఆయన పేరు కూడా అడగలేదని ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత న్యూరాలజీ డాక్టరుగారు చెబితే అర్థమైంది. అలవాటు మీద తనంతట పడే అడుగుకి డోపమిన్ దారి కావాలి. కంటి ముందు కనపడేదాన్ని చూసి దాటే అడుగుకి మెదడు ఇంకో దారి పట్టగలదు, ఆ దారి అంతగా పాడవదు. మర్నాడే మా అమ్మ పడగ్గది నుంచి బాత్రూం దాకా గచ్చు మీద మూరకొకటి చొప్పున ముగ్గుపిండితో అడ్డగీతలు గీసేసింది. తడికి చెరిగిపోతుంటే పసుపురంగు టేపు అంటించాం. గీతల్లేని చోట నాన్న కాయలు లెక్కపెట్టినట్టు "లాభం, రెండు, మూడు" అనుకుంటూ అడుగేస్తారు. ఆ "లాభం" గట్టిగా అంటే మొదటి అడుగు పడుతుంది.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు: మాత్ర అడుగు పొడవు పెంచుతుంది, వేగం ఇస్తుంది. మలుపు తిరగడం, గడప దాటడం, పడిపోకుండా నిలదొక్కుకోవడం, మాట్లాడుతూ నడవడం, వీటిల్లో దాని సాయం తక్కువ. అమ్మగారు నడుస్తుంటే పలకరించకండి. ఆగిపోతే లాగకండి, మీ పాదం ఆవిడ పాదం ముందు అడ్డంగా పెట్టి దాటమనండి.

ఇంకో సంగతి అడక్కపోయినా చెబుతాను, ఎందుకంటే దీనివల్ల మా నాన్న పది రోజులు మంచం పట్టారు. ఒకసారి మందుల షాపులో లీవోడోపా 100, కార్బిడోపా 25 ఉన్న మాత్రకి బదులు 100, 10 ఉన్నది ఇచ్చి "రెండూ ఒకటేనండి" అన్నారు. ఒకటి కాదు. కార్బిడోపా చాలకపోతే వికారం పెడుతుంది. రెండ్రోజులు వాంతులు. ఊళ్లో సూదిమందు ఇచ్చే ఆయన వచ్చి మెటోక్లోప్రమైడ్ పొడిచాడు, మర్నాడూ, ఆ మర్నాడూ. ఆ మందు మెదడులోకి వెళ్లి డోపమిన్ పనిచేసే చోట్లనే మూసేస్తుంది. మేం ఒక పక్క తలుపు తీస్తుంటే ఆయన గడియ పెట్టాడన్నమాట. కళ్లు తిరిగితే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్ కూడా అంతే. ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసి అమ్మగారి మందుల డబ్బా మూతకి అంటించండి. ఐరన్ మాత్ర వేస్తుంటే దానికీ దీనికీ మధ్య ఎడం పెట్టించండి, అది ఈ మందుని సరిగా ఒంటపట్టనివ్వదు. దూలగొండి పొడి ఇమ్మని చెప్పే చుట్టాలు కూడా వస్తారు. దూలగొండి గింజల్లో నిజంగానే లీవోడోపా ఉంది, మన దేశపు శాస్త్రవేత్తలు 1937లోనే తీసి చూపించారు. ఉంది కాబట్టే డాక్టరుకి చెప్పకుండా ఇవ్వకూడదు. మా పెదనాన్న ప్రేమకొద్దీ తెచ్చి ఇస్తే, వారం రోజులు నాన్న మెడా భుజాలూ వద్దన్నా మెలికలు తిరిగాయి. అలాగని భయపడి మాత్రలు ఒక్కసారిగా మానేయకండి, అది ఇంకా ప్రమాదం.

పట్నం ఆసుపత్రుల మీద నాకున్న కోపం వేరే. పదకొండింటికి టోకెన్ ఇచ్చి మూడింటికి పిలుస్తారు. ఆ మూడింటికి నాన్న మాత్ర బాగా ఎక్కి ఉంటారు, గదిలో చకచకా నడిచి చూపిస్తారు. "బాగున్నారు కదండీ" అంటారు. సాయంత్రం ఆరింటి మనిషిని ఆ గదిలో ఎవరూ చూడరు. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టాను: మాత్ర ఎన్నింటికి, భోజనం ఎన్నింటికి, చెప్పు చప్పుడు ఎన్నింటికి మారింది, మళ్లీ ఎన్నింటికి ఈడ్చింది. రెండు వారాలు రాశాను. ఒక సాయంత్రం వంటింటి గడప దగ్గర నాన్న ఆగిపోతే, ఆయన్ని అడిగే, నలభై సెకన్లు ఫోన్లో వీడియో తీశాను. డాక్టరుగారు దాన్ని రెండుసార్లు చూశారు, పుస్తకం తిరగేశారు. మోతాదు ఏమీ పెంచలేదు. ఒకటిన్నర చొప్పున మూడు పూటలు వేసేదాన్ని, ఒక్కోటి చొప్పున నాలుగు పూటలు, రాత్రి పడుకునే ముందు అర చేశారు. పగటి మాత్రలు పదకొండింటికీ మూడింటికీ, అన్నం మధ్యలో పన్నెండున్నరకి. ఆ కార్తీకమాసంలో నాన్న పంటు మీద నరసాపురం వెళ్లి వచ్చారు, మూడింటి మాత్ర జేబులో పెట్టుకుని.