టీబీ మాత్రలు వాడుతుండగా ఉద్యోగం తీసేస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మాది ఏర్పేడు దగ్గర పల్లె. గాజులమండ్యం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేసినాను. జీతం 17,800. 2024 జూలైలో దగ్గు, జ్వరం తగ్గక తిరుపతి రుయా ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయిస్తే టీబీ అన్నారు. జూలై 15 నుంచి మా పీహెచ్‌సీలో మాత్రలు ఇచ్చినారు. షిఫ్ట్ ఇన్‌చార్జికి వాట్సాప్‌లో చెప్పినాను. ‘సరే, తగ్గినాక రా’ అన్నాడు. సెప్టెంబరులో కంపెనీ నుంచి రిజిస్టరు కవరు వస్తే భయమేసి తీసుకోలేదు. డిసెంబరు 9న, చెప్పకుండా గైర్హాజరయ్యానని ఉద్యోగం నుంచి తొలగించినట్టు లెటరు పంపినారు. ఆరేళ్లలో ఒక్కరోజు లేటుగా పోలేదు. క్యాంటీన్‌లో నా ప్లేటు వేరుగా పెట్టించిన సూపర్‌వైజరే ఇదంతా చేయించినాడు. ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి ఎప్పుడూ పోలేదు, అక్కడ గంటలకొద్దీ నిలబడాల. ఇప్పుడు హెచ్‌ఆర్‌వాళ్లు జూలై తేదీతో రాజీనామా రాసిస్తే 40,000 ఇస్తామంటున్నారు. మాకు తెలిసిన డాక్టరు ఒకాయన జూలై నుంచి డిసెంబరు దాకా బెడ్ రెస్ట్ అని సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు. మధ్యలో నవంబరులో పది రోజులు మా బావమరిది హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నేనేం పాపం చేసినాను సార్? నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు (ఫిబ్రవరి 2025, అప్పటి చట్టాల ప్రకారం): మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో మూడు పేజీలు సూపర్‌వైజర్ గురించే. ప్లేటు వేరుగా పెట్టించాడనడానికి సాక్షి ఎవరు? అక్కడ పనిచేసేవాళ్లెవరూ కోర్టుకొచ్చి ఆ మాట చెప్పరు. దాన్ని వదిలేయండి. ఆరేళ్లు లేటుగా వెళ్లకపోవడం మంచిదే, కానీ ఈ కేసులో దానికి విలువ లేదు.

ఈ కేసు ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది. డిసెంబరు 9న, అంటే కంపెనీ మిమ్మల్ని తీసేసిన రోజున, మీరు చికిత్సలో ఉన్నారా లేదా? జూలై 15న మొదలైన ఆరు నెలల కోర్సు జనవరి మధ్యలో ముగిసింది. అంటే ఉన్నారు. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చట్టం, 1948లోని 73వ సెక్షన్ ప్రకారం జబ్బుకు చికిత్స పొందుతున్న కార్మికుణ్ణి నిబంధనలు అనుమతించిన మేరకు తప్ప తొలగించకూడదు. అలా ఇచ్చిన నోటీసు చెల్లదు. ఆ నిబంధనలు మామూలు జబ్బుకు ఆరు నెలలు, టీబీకి 18 నెలలు గడువు పెట్టాయి. మీ కంపెనీ ఐదు నెలలు కూడా ఆగలేదు.

అయితే చికిత్సలో ఉన్నానని నోటితో చెబితే చాలదు. ఇక్కడే మీరు చేతిలో ఉన్న బంగారాన్ని వదిలి ఇత్తడి కోసం పరుగెత్తుతున్నారు. పీహెచ్‌సీలో మాత్రలు ఇచ్చారని ఒక్క వాక్యంలో తేల్చేశారు. టీబీ మందులు ప్రభుత్వం ఇస్తే రోగి పేరు నిక్షయ్ పోర్టల్‌లో నమోదవుతుంది, ఒక ఐడీ ఇస్తారు. మందులు ఎప్పుడు మొదలయ్యాయి, కోర్సు ఎలా ముగిసింది అన్నీ అందులో ఉంటాయి. ఆ రికార్డు ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది రాసింది. మీకు పనికొచ్చేలా రాశారని కంపెనీ లాయరు అనలేడు. ఇంకోటి, టీబీ రోగులకు పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరు నుంచి అది 1,000 అయింది. పాసుబుక్కు ప్రింట్ చేయించుకోండి. ఆ డబ్బు పడి ఉంటే ప్రతి ఎంట్రీ మీ తరఫు సాక్షే.

ఇక ఆ బెడ్ రెస్ట్ సర్టిఫికెట్. దాని జోలికి వెళ్లొద్దు. ఆ డాక్టరు మిమ్మల్ని చూసిందే లేదు. ఆయన ఓపీ రిజిస్టరు తెమ్మంటే మీ పేరు ఉండదు. బెడ్ రెస్ట్ అని రాసిన నవంబరులోనే మీరు హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు, తెలిసినవాళ్లు పదిమందైనా చూసి ఉంటారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క కాగితం అబద్ధమని తేలిందంటే, నిజమైన నిక్షయ్ రికార్డును కూడా జడ్జి అనుమానంగానే చూస్తారు. పైగా అబద్ధపు పత్రంతో ఈఎస్‌ఐ డబ్బు అడిగితే 84వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2,000 వరకు జరిమానా, లేదా రెండూ. గెలిచే కేసును చేజేతులా పాడుచేసుకోవడమే ఇది. హోటల్లో కూర్చున్న ఆ పది రోజులను క్లెయిమ్‌లో వేయకండి, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

రాజీనామా కూడా అంతే. కంపెనీ 40,000 ఎందుకిస్తానంటోంది? జూలై తేదీతో మీరే మానేశారని తేలితే, డిసెంబరులో తీసేశారన్న మాటే ఉండదు. 73వ సెక్షన్ మీకు పనికిరాకుండా పోతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ ఆ రాజీనామాతో వచ్చేవి కావు, ఎలాగూ మీవే.

డబ్బు లెక్క కూడా చూడండి. మీ పేస్లిప్‌లో నెలనెలా 134 రూపాయలు ఈఎస్‌ఐకి కోశారు, అది జీతంలో 0.75 శాతం. కంపెనీ వాటా 3.25 శాతం. సిక్‌నెస్ బెనిఫిట్, అంటే జబ్బుతో పనికి పోలేని రోజులకు ఈఎస్‌ఐ ఇచ్చే డబ్బు, ఏడాదికి 91 రోజుల వరకు, సగటు రోజు వేతనంలో 70 శాతం. మొదటి రెండు రోజులకు రాదు. జూలైలో జబ్బు పడినవాళ్లకు అంతకుముందు అక్టోబరు నుంచి మార్చి దాకా 78 రోజుల చందా ఉండాలి. మీరు ఆ ఆరు నెలలూ పనిచేసినవారే కాబట్టి ఆ సమస్య లేదు. టీబీ ఈఎస్‌ఐ గుర్తించిన 34 దీర్ఘకాలిక జబ్బుల్లో ఒకటి. 91 రోజులు అయ్యాక ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ 80 శాతం చొప్పున వస్తుంది. దానికి రెండేళ్ల సర్వీసు, నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 156 రోజుల చందా కావాలి. ఆరేళ్లు చేశారు కాబట్టి అదీ ఉన్నట్టే. రెండూ కలిపితే ఆరు నెలలకు 80,000కు కాస్త అటూఇటూగా తేలుతుంది. ఆ 40,000తో పోల్చుకోండి.

కానీ ఇక్కడే మీ నిర్లక్ష్యం మీ మెడకు చుట్టుకుంటుంది. ఈ డబ్బు ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ మీద వస్తుంది. నెలనెలా డబ్బు కోయించుకుని, క్యూలో నిలబడటానికి ఓపిక లేక ఆ డిస్పెన్సరీ గడప తొక్కకపోవడం ఏమిటి? ఇంకా దారి ఉంది. ఈఎస్‌ఐ సర్టిఫికెట్ లేనప్పుడు, తగిన కారణముంటే ప్రత్యామ్నాయ ఆధారాలను అంగీకరించే అధికారం ఈఎస్‌ఐ కార్పొరేషన్‌కు ఉంది. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు దగ్గర చికిత్స మొదలు, ముగింపు తేదీలతో సంతకం, సీలు ఉన్న కాగితం తీసుకోండి. రుయా రిపోర్టు, పాసుబుక్కు కాపీలు జతచేసి తిరుపతి ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. గడువు పన్నెండు నెలలు. 2025 జూలై దాటనివ్వకండి. దాటితే ఆలస్యం మాఫీ చేయమని ఈఎస్‌ఐ కోర్టును ప్రాధేయపడాల్సి వస్తుంది.

ఉద్యోగం విషయంలో, లేబర్ కోర్టుకు వెళ్లడానికి తొలగించిన తేదీ నుంచి మూడేళ్లు. అంటే ఇంకా చాలా టైముంది అనుకోకండి, ముందు కార్మిక శాఖ రాజీ అధికారికి అర్జీ ఇవ్వాలి, 45 రోజులు గడవాలి, ఆ తర్వాతే కోర్టు. ఈ నెలలోనే ఇవ్వండి.

కంపెనీ లాయరు 1963 నాటి బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లు తీర్పు తెస్తాడు. సెలవు లేకుండా రాకపోతే స్టాండింగ్ ఆర్డర్ల (కంపెనీ ఉద్యోగ నియమాల) ప్రకారం దానంతట అదే పోయిన ఉద్యోగానికి 73వ సెక్షన్ అడ్డు రాదని సుప్రీంకోర్టు అప్పట్లో అంది. మీ విషయంలో ఉద్యోగం దానంతట అది పోలేదు. ‘తొలగిస్తున్నాం’ అని కంపెనీయే రాసిచ్చింది. పైగా 1993లో జేఎంఏ ఇండస్ట్రీస్ కేసులో అదే సుప్రీంకోర్టు, విచారణ లేకుండా గైర్హాజరు పేరుతో తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధమంది.

మీకు బలహీనమైనది ఒక్కటే, తీసుకోని ఆ సెప్టెంబరు కవరు. తిప్పి పంపితే అందనట్టు అనుకుంటారు జనం. అది పొరపాటు. వద్దని తిప్పి పంపినా అందినట్టే కోర్టు భావిస్తుంది. వివరణ అడిగితే మీరే ఇవ్వలేదని కంపెనీ వాదిస్తుంది. దానికి మీ జవాబు ఆ వాట్సాప్ మెసేజే. మీకు జబ్బని కంపెనీకి జూలైలోనే తెలుసని చెప్పే కాగితం అదొక్కటే. ఆ ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో కలిపి దాఖలు చేయాలి. లాయరును కలిసేటప్పుడు ఆ ఫోన్ వెంట తీసుకెళ్లండి. తీసుకోని కవరు సంగతి, హోటల్ సంగతి మొదటి రోజే ఆయనకు చెప్పేయండి.