.32 పిస్టల్‌లో కంపెనీ స్ప్రింగ్ తీసి గట్టిది వేయాలా?

గుణుపురం నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. ఏడాది క్రితం .32 పిస్టల్ కొన్నారట. పేల్చినప్పుడల్లా చేతికి బాగా తంతోందట. గట్టి రికాయిల్ స్ప్రింగ్ (పేలాక వెనక్కి వెళ్లిన పైభాగాన్ని తిరిగి ముందుకు తోసేది), దాని లోపల ఉండే కడ్డీ, అంటే గైడ్ రాడ్, స్టీల్‌ది వేయిస్తే తగ్గుతుందని స్నేహితులు చెబుతున్నారట. కంపెనీ పార్టులు మార్చేయవచ్చా అని అడుగుతున్నారు.

వద్దండి. నేను సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో, చేసి రిటైరై పర్లాకిమిడిలో ఉంటున్నాను. సర్వీసులో ఎక్కువగా చూసినవి ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎం.ఎం. పిస్టళ్లు. ఇప్పుడు నా దగ్గరా లైసెన్స్ మీద .32 ఉంది. మీరు చేద్దామనుకుంటున్న పని నేను ఒకసారి చేసి చూశాను కూడా.

ముందు ఆ స్ప్రింగ్ పనేమిటో చూడండి. .32 పిస్టళ్లలో చాలావాటికి, తూటా పేలే క్షణంలో స్లైడ్‌ను (ముందుకూ వెనక్కీ జరిగే పైభాగాన్ని) బిగించి పట్టే లాక్ ఉండదు. స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం, ఈ రెండే దాన్ని ఆపుతాయి. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. స్లైడ్ వెనక్కి వెళ్తూ ఖాళీ ఖోఖాను (పేలాక మిగిలే తూటా గొట్టాన్ని) బయటికి విసరాలి, చివరిదాకా వెళ్లాలి, తిరిగి వస్తూ మ్యాగజైన్‌లోంచి తర్వాతి తూటాను తోసుకురావాలి. స్లైడ్ బరువుకీ తూటా బలానికీ సరిపడా లెక్క చూసుకునే ఫ్యాక్టరీవాళ్లు స్ప్రింగ్ పెడతారు. అది బలహీనపడితే స్లైడ్ వెళ్లి ఫ్రేమ్‌కు (పిస్టల్ కింది చట్రానికి) గుద్దుకుంటుంది. మరీ గట్టిదైతే స్లైడ్ చివరిదాకా వెళ్లదు, పైగా తిరిగి వచ్చేటప్పుడు విసురుగా వచ్చి పిస్టల్ మూతిని కిందికి వంచుతుంది. తన్ను ఎక్కడికీ పోదు. వెనక్కి తన్నేదాంట్లో కొంత ముందుకు తంతుంది, అంతే.

నేను రిటైరైన కొత్తలో ఒక షాపు మెకానిక్ మాట విని గట్టి స్ప్రింగ్ వేయించాను. స్లైడ్ లాగినప్పుడే చేతికి తేడా తెలిసింది. అయినా పట్టించుకోలేదు. రేంజ్‌లో మూడో తూటాకే ఖోఖా బయటికి పడకుండా స్లైడ్‌కీ బ్యారెల్‌కీ మధ్య నిలువుగా ఇరుక్కుంది. ఇరవై తూటాలు పేల్చేలోపు నాలుగుసార్లు ఆగింది. ఇంటికి వచ్చి పాత స్ప్రింగ్ పెట్టేశాను. అదే పెట్టెలో మిగిలిన తూటాలు తర్వాత ఒక్కటి కూడా ఆగలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొస్తుందని పెట్టుకున్న వస్తువు అది. ఆ నాలుగుసార్లూ రేంజ్‌లో జరిగాయి కాబట్టి సరిపోయింది.

ఇంకో విషయం. స్ప్రింగులు మార్చుకోమని వీడియోల్లో చెప్పేవాళ్లు చాలామంది అమెరికావాళ్లు. వాళ్లు ఏడాదికి వేలకొద్దీ తూటాలు పేలుస్తారు. స్ప్రింగ్ నిజంగా అరుగుతుంది, కొత్తది వేస్తే రెండు మూడు వందలు పేల్చి చూసుకుంటారు. మనకు లైసెన్స్ పుస్తకంలో రాసినంతే కోటా. అంత తక్కువ వాడకానికి ఏడాదిలో స్ప్రింగ్ అరగదు. కొత్త పార్టు నమ్మకమైనదో కాదో తేల్చుకునేన్ని తూటాలూ మన చేతిలో ఉండవు. పోటీలకు వెళ్లే షూటర్ల సంగతి వేరు, వాళ్లకు రేంజ్ ఉంటుంది, తూటాలుంటాయి, పక్కనే గన్‌స్మిత్ ఉంటాడు.

స్టీల్ గైడ్ రాడ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ముందు భాగంలో కాస్త బరువు పెరుగుతుంది. అంతకుమించి మీకు ఒరిగేదేమీ లేదు.

మరి ఎప్పుడు మార్చాలి? మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి. మూతి పైకి ఉంచి స్లైడ్‌ను చేత్తో పట్టుకునే నెమ్మదిగా ముందుకు వదలండి. పూర్తిగా మూసుకోకుండా మధ్యలో ఆగిందంటే, మురికి, ఎండిపోయిన నూనె తుడిచాక కూడా ఆగుతోందంటే, స్ప్రింగ్ అలసిపోయినట్టే. ఖోఖాలు ఇదివరకటి కంటే బాగా దూరం పడుతున్నా అనుమానించాలి. చుట్ల మధ్య తుప్పు గుంటలు కనిపించినా మార్చాలి. నడుముకు పెట్టుకుని తిరిగితే చెమటకు మన దగ్గర ఇదే ఎక్కువ. గోపాలపురం వైపు ఉప్పుగాలికి మరీ త్వరగా పడుతుంది. మార్చినా అదే మోడల్‌కు ఫ్యాక్టరీ ఇచ్చే స్ప్రింగే వేయించండి. పాతదాన్ని సాగదీయడం, చుట్టు కత్తిరించడం ఎవరు చెప్పినా చేయనివ్వకండి.

విదేశీ సైట్లలో పార్టులు ఆర్డర్ పెట్టే ఆలోచన ఉంటే మానేయండి. 1959 ఆయుధాల చట్టం నిర్వచనంలోనే ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే. రిపేరు పని కూడా లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే జరగాలి.

ఇక మీ అసలు బాధ. పేల్చాక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద ఎర్రటి గీతలు పడుతున్నాయేమో చూడండి. పడితే అది రికాయిల్ (తన్ను) కాదు, స్లైడ్ వెనక్కి వస్తూ చర్మాన్ని కొరుకుతోంది. చిన్న పిస్టళ్లలో ఇది మామూలే. చేతిని అర అంగుళంలోపే కిందికి దించి, రెండో చేత్తో ముందునుంచి గట్టిగా చుట్టి పట్టండి. మణికట్టు వదులుగా ఉంచకండి. అలా ఉంచితే కంపెనీ స్ప్రింగ్‌తో కూడా ఖోఖా ఇరుక్కుంటుంది.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి ఉంటే, తెచ్చుకున్న రోజే స్ప్రింగ్ బయటికి తీసి పొడిబట్టతో తుడిచి పలచగా నూనె రాయండి. ఈసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు ఖోఖాలు ఎటువైపు, ఎన్ని అడుగుల దూరంలో పడుతున్నాయో చూసి ఇక్కడే రాయండి. అది తెలిస్తే మీ స్ప్రింగ్ ఎలా ఉందో చాలావరకు చెప్పగలను.