వీడియో రాకపోతే పోనీ, ఆ ‘అలో’ మాత్రం నొక్కకండి

హన్మకొండలో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న ఒకమ్మాయి రాసింది: “సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. బ్రౌజర్‌లో క్లాస్ పెడితే సార్ గొంతు వినిపిస్తుంది, బోర్డు ఉండాల్సిన చోట అంతా నలుపు, ఒక్కోసారి ఆకుపచ్చ చారలు. నెట్ బాగానే ఉంది. ఏం చేయాలి?”

ఇదే ప్రశ్న జగిత్యాల నుంచీ వచ్చింది, పరకాల నుంచీ వచ్చింది, కాబట్టి క్యాష్ క్లియర్ చేశారా, రీస్టార్ట్ చేశారా అని మళ్లీ అడగను. మాట వచ్చి బొమ్మ రాకపోతే అది సాధారణంగా నెట్ తప్పు కాదు, నెట్ పోతే రెండూ ఆగుతాయి. వీడియోను విప్పే పనిని బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగిస్తుంది, ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, పాతదైతే అక్కడే తేడా కొడుతుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అన్న చోట ‘యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్’ ఆఫ్ చేసి, బ్రౌజర్ మూసి తెరవండి. బొమ్మ వచ్చిందా, దొంగ దొరికినట్టే. కానీ అలాగే వదిలేయొద్దు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ వేసుకుని దాన్ని మళ్లీ ఆన్ చేయండి, లేకపోతే బరువంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ పిండి గిర్నీలా మోగుతుంది.

బొమ్మ వచ్చినా తడబడుతుంటే, యూట్యూబ్‌లోనైతే వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ చూడండి. కోడెక్స్ (వీడియోను కుదించే పద్ధతులు) వరుసలో ఏవీ01 (అంటే ఏవీ1) అనో వీపీ09 (అంటే వీపీ9) అనో ఉండి, డ్రాప్డ్ ఫ్రేమ్స్, అంటే చూపించలేక వదిలేసిన బొమ్మల అంకె, చూస్తుండగానే పెరిగిపోతుంటే ఆ మెషీన్‌కు అంత ఓపిక లేదన్నమాట. ఈ పాత లాప్‌టాప్‌ల వ్యాపారం మీద నా కోపం ఇందుకే. “ఐ5 సార్, గట్టి పీస్” అంటారు, ఆ ఇంటెల్ చిప్ ఏ జనరేషనో, అంటే ఎన్నో తరందో, మాత్రం చెప్పరు. వీపీ9ని చిప్ పూర్తిగా తానే విప్పడం ఏడో జనరేషన్ నుంచి మొదలైంది, ఏవీ1 అయితే పదకొండు నుంచి. నాలుగో జనరేషన్‌కు ఎస్ఎస్‌డీ తగిలించి, కొత్త స్టిక్కర్ అంటించి చేతిలో పెడితే అది టైపింగ్‌కు బాగానే ఉంటుంది, 1080పీ వీడియో పెట్టగానే ఆయాసపడుతుంది. క్వాలిటీ 480పీకి దించుకోమ్మా. బోర్డు మీద అక్షరాలు కనిపిస్తే చాలు, సార్ మీసాలు లెక్కపెట్టే పనేం లేదు కదా.

గోదావరిఖని పాఠకుడికి ఏ వీడియో సైట్ తెరిచినా ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని వస్తోందట. ముందు స్క్రీన్ మూలన తేదీ చూడండి, తేదీ తప్పైతే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మదు. ఏళ్లు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ, చాలావాటిలో సీఆర్2032, అయిపోయినట్టు. అది మార్పించి తేదీ సరిచేయండి.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన ఉత్తరం కరీంనగర్‌ది. “మ్యాచ్ లైవ్ అని వాట్సాప్‌లో లింక్ వచ్చింది. నోటిఫికేషన్లకు ‘అలో’ (Allow) నొక్కితేనే వీడియో వస్తుందంది, నొక్కాను. వీడియో రాలేదు కానీ అప్పటి నుంచి వైరస్ ఉందంటూ మెసేజ్‌లు.”

అయ్యా, వీడియో ఆడడానికి నోటిఫికేషన్ పర్మిషన్‌తో ఏ పనీ లేదు. మొన్నటి మేడారం జాతరప్పుడు మా మేనమామ ఇంట్లోనూ ఇదే కథ. మోకాళ్ల నొప్పులతో జాతరకు పోలేక, సమ్మక్క చిలకలగుట్ట దిగేది లైవ్‌లో చూద్దామని ఎవరో పంపిన లింకు తెరిచాడట. నేను పోయేసరికి స్క్రీన్ కింది మూలన ఎర్ర గుర్తుతో “5 వైరస్‌లు ఉన్నాయి” అని ఒక డబ్బా, దాన్ని మూస్తే ఇంకోటి. “వీడియో రావాల్నంటే ఒత్తుమన్నది అల్లుడా, ఒత్తిన. తప్పా?” అన్నాడు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి ఇచ్చిన సైట్లు ఇరవై మూడు, అందులో ఆయన ఎరిగినవి రెండు. అన్నీ తీసేసి, అక్కడే ‘సైట్లు అడగకూడదు’ అనే ఆప్షన్ పెట్టేశాను, డబ్బాలు ఆగిపోయాయి. అవి వైరస్‌లు కావు, వైరస్ హెచ్చరిక వేషం కట్టిన ప్రకటనలు. దాన్ని నొక్కి, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, అవతలివాడు చెప్పిన రిమోట్ యాప్ వేసుకుంటే మాత్రం అసలు దోపిడీ అప్పుడు మొదలవుతుంది. ముక్కూ మొహం తెలియని సైట్ గడపలోనే నిలబడి ‘మీకు రోజూ కబుర్లు పంపొచ్చా’ అని అడిగే హక్కు బ్రౌజర్లు ఎందుకిచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు. అరవై దాటిన మనిషికి ఆ ‘అలో’ అంటే ‘కానివ్వు’ అని తప్ప ఇంకేం తోస్తుంది?

దీనికంటే పాడుది ఇంకోటి తిరుగుతోంది. ప్లే నొక్కితే ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటుంది. గడిలో టిక్ పెట్టగానే విండోస్, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అని మూడు మెట్లు చెబుతుంది. మీరు టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ను గుట్టుగా మీ క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినవి ఉండే చోటికి, కాపీ చేసేసింది. విండోస్, ఆర్ నొక్కితే తెరుచుకునే, కమాండ్‌లు నడిపించే రన్ డబ్బా చిన్నది, అందులో ‘నేను రోబో కాదు’ అన్న తోక మాత్రమే కనిపించేలా రాస్తారు. ఎంటర్ కొట్టింది మీ చేత్తో మీరే కాబట్టి యాంటీవైరస్ కూడా చాలాసార్లు కిమ్మనదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు ముందే లాగిన్ అయ్యారని సైట్‌కు చెప్పే గుర్తులు) అన్నీ పోతాయి. కుకీ చేతికి చిక్కిందంటే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్‌లో దూరొచ్చు. ఒకవేళ నొక్కేసి ఉంటే ముందు నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ కొట్టి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ కొత్తగా వేయించేదాకా ఏ లాగిన్ చేయకండి.

అన్నట్టు సిద్దిపేట నుంచి ఒక పెద్దాయన, విండోస్ 7లో పాత పాటల సైట్ ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అడుగుతోంది, ఎక్కడ దొరుకుతుందన్నారు. దొరకదండీ. ఒకప్పుడు బ్రౌజర్‌లో పాటలు, వీడియోలు ఆడించిన ఫ్లాష్‌కు దాని కంపెనీ అడోబీ 2020 డిసెంబరు 31నే మంగళం పాడింది, ఇప్పుడు ఆ పేరుతో దిగే ఫైల్ ఏదైనా సరే ముట్టుకోవద్దు. మీ విండోస్‌కు క్రోమ్ కూడా 2023లోనే 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఆ మెషీన్‌లో బ్యాంకు పనులు మానేయండి. పాటలంటారా, పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని వినండి, దానికేం ఢోకా లేదు.