సెల్యులైటిస్ అన్నారు, రేపటి స్కాన్ దాకా ఆగొచ్చా?

మీ నాన్నగారికి షుగర్, పాదానికి చిన్న గాయం, సెల్యులైటిస్ (చర్మానికి పట్టే ఇన్ఫెక్షన్) అన్నారు, నొప్పి మాత్రం భరించలేకపోతున్నారు, స్కాన్ రేపు అని రాశారు. ఆగకండి. ఈ రాత్రికే సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ కావచ్చు, అంటే చర్మం కింద కండ మీది పొరను చంపేసే ఇన్ఫెక్షన్. నేను డాక్టర్ని కాదు, కానీ గాయానికి మించిన నొప్పి ఎంత దూరం తీసుకెళ్తుందో మా మావయ్య మంచం పక్కన కూర్చుని చూశాను.

2019, ఊడుపుల రోజులు. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో మావయ్య మడమలో ముల్లు దిగింది. ఆవగింజంత గాయం. రెండో రోజు రాత్రికి మంచం పట్టె పట్టుకుని మూలుగుతున్నాడు. ‘పైకి ఏటీ లేదురా అల్లుడా, లోపల నిప్పులెట్టినట్టుంది’ అన్నాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పికి సూది వేశాడు. నిద్రపట్టింది, తగ్గిందనుకున్నాం. ఆ నొప్పి సూదుల మీద నాకిప్పటికీ కోపమే. మొదట్లో మనకు దొరికే ఆనవాలు చాలాసార్లు నొప్పి ఒక్కటే, దాన్నే అవి కప్పేస్తాయి.

పొద్దున్నే శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. సెల్యులైటిస్ అని సెలైన్ పెట్టి ఎమ్మారైకి రాశారు. సాయంత్రం దాకా వంతు రాలేదు. ఒక నర్సమ్మ మాత్రం ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన 10.20 అని టైము వేసింది. పన్నెండయ్యేసరికి ఎరుపు ఆ గీత దాటి రెండు వేళ్ల మేర పైకొచ్చింది. మధ్యాహ్నానికి పిక్క మీద నేరేడుపండు రంగు బొబ్బ లేచింది. అక్కడ నొక్కితే ‘తెలీట్లేదు’ అన్నాడు. నొప్పి తగ్గిందని అత్త దేవుడికి దండం పెట్టుకుంది. నరాలు చచ్చిపోయినా నొప్పి అలాగే పోతుందని మాకేం తెలుసు?

విశాఖ వంద కిలోమీటర్ల పైనే. రాత్రికి చేరాం. డ్యూటీ సర్జన్ ఎర్రగా లేని చోట, మోకాలి కింద నొక్కితే మావయ్య కేక పెట్టాడు. స్కాన్ ఊసెత్తకుండా థియేటర్ సిద్ధం చేయమన్నారు. అప్పుడు మావాళ్లు టెక్కలి నుంచి పెద్దబావ రావాలి, ఆయనొచ్చాకే సంతకం అన్నారు! రోగి తెలివిలోనే ఉన్నాడు, తనే పెట్టొచ్చని సర్జన్ అనేదాకా ఎవరికీ తోచలేదు. మన జిల్లాల్లో పెద్దోళ్ల కోసం ఇలా ఆగి ఎన్ని కాళ్లు పోగొట్టుకుంటున్నామో.

కోస్తే చీము లేదట. కుడితి లాంటి పల్చటి నీళ్లు. పొరల మధ్య వేలు పెడితే అడ్డు లేకుండా జారిపోయిందట, రక్తం కూడా సరిగ్గా రాలేదట. అలా కోసి చూడటమే అసలైన నిర్ధారణ అన్నారు. పేపర్లలో ‘మాంసం తినే బ్యాక్టీరియా’ అని రాస్తారు గానీ అది తినదు. విషాలు వదులుతుంది, సన్న రక్తనాళాలు పూడుకుపోతాయి, కండ మీది పొర చచ్చిపోతుంది. రక్తమే అందని చోటికి యాంటీబయాటిక్ ఎలా అందుతుంది? అందుకే చచ్చినదంతా కోసి తీసేయాలి. మందులూ కావాలి: రకరకాల క్రిముల మీద పనిచేసే బలమైనవి, వాటికి తోడు విషం తయారీని అణచడానికి క్లిండమైసిన్. మర్నాడు మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి ఇంకొంత తీశారు. మూడు వారాలకు తొడ చర్మం తీసి అతికారు. కాలు దక్కింది.

రక్తపరీక్షలకు మార్కులేసి ఈ జబ్బు ఉందేమో అంచనా కట్టే పద్ధతి 2004 నుంచీ ఉంది. మార్కులు తక్కువొచ్చినా జబ్బు ఉండొచ్చు, ఆ కాగితం చూసి ధైర్యపడకండి.

బయల్దేరే ముందు నాన్నగారి కాలి మీద ఎరుపు అంచున గీత గీసి టైము రాయండి. సర్జన్‌కి మొదట నొప్పి గురించే చెప్పండి, నొప్పి సూది వేసుంటే ఏది, ఎప్పుడు అన్నది కూడా.