రుడాల్ఫ్ హ్రుషిన్‌స్కీ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

చెక్ నటుడు హ్రుషిన్‌స్కీని ఏ వరసలో చూడాలని అడిగారు. చాలామంది నేరుగా ‘ది క్రిమేటర్’ పెట్టి, అరగంటకే తికమకపడి ఆపేస్తారు. దాన్ని మూడోదిగా ఉంచుకోండి.

ముందు కారెల్ స్టెక్లీ తీసిన ‘ది గుడ్ సోల్జర్ ష్వేక్’ చూడండి. రెండు భాగాలు, 1956–57 నాటివి. రెండోది వేరే పేరుతో ఉంటుంది కాబట్టి విడిగా వెతకాలి. పై అధికారి ఎంత గొంతు చించుకున్నా సైనికుడు ష్వేక్‌గా ఈయన తొణకడు, అమాయకంగా మొహం పెట్టి ఇంకో పిట్టకథ అందుకుంటాడు. తర్వాత చెక్ దర్శకుడు యిరీ మెంజెల్ తీసిన ‘కాప్రీషియస్ సమ్మర్’. ఇందులో నది ఒడ్డున స్నానాల రేవు నడిపే ఆంటొనీన్ ఈయనే. తేలికపాటి సినిమా, వానాకాలం మధ్యాహ్నం చూడదగ్గది.

ఇక ‘ది క్రిమేటర్’ (1969, దర్శకుడు యురాయ్ హెర్ట్స్). శవదహనశాల ఉద్యోగి కొప్ఫర్‌కింగ్ల్ నెమ్మదిగా నాజీల వైపు జారిపోతాడు. చాలామటుకు గొంతు పెంచడు, జోలపాట పాడుతున్నట్టే మాట్లాడతాడు. పెట్టెలోని శవానికి తల దువ్వి, అదే దువ్వెనతో తన జుట్టూ సర్దుకునే చోట ఆ చెయ్యి గమనించండి, ఎంత అలవాటైన పనో! తికమక ఎక్కడంటే, ఆయన మొహం క్లోజప్‌లో ఉండగానే మాట మధ్యలో చోటు మారిపోతుంది. సబ్‌టైటిల్స్ మీదే కళ్లు పెడితే ఎక్కడున్నారో అంతు చిక్కదు. చదివింది అర్థం కాకపోతే పది సెకన్లు వెనక్కి వెళ్లండి, మొహం మాత్రం వదలకండి.

1970ల మొదట్లో ఆయన సినిమాల జాబితాలో ఖాళీ కనిపిస్తుంది. 1968లో చెకొస్లొవాకియాలో సంస్కరణలు కోరుతూ వెలువడిన ‘రెండు వేల మాటలు’ ప్రకటన మీద పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోనన్నందుకు సినిమా, టీవీ తలుపులు మూసేశారు. 1960 నుంచీ ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో ఉన్నారు గనక రంగస్థలం మిగిలింది. ఊరూరా తిరిగే నాటకాలవాళ్ల ఇంట పుట్టిన మనిషి, పైగా కుర్రతనంలో నాటక దర్శకుడు ఇ. ఎఫ్. బురియాన్ దగ్గర తయారైనవాడు. సినిమాల్లో ఆ మాట పొదుపు వేదిక మీద వచ్చిందే అని నా నమ్మకం.

తిరిగొచ్చాక చేసినవాటిలో ‘మై స్వీట్ లిటిల్ విలేజ్’ (1985) వదలొద్దు. పొలాల అందం చూస్తూ, కవితలు చదువుకుంటూ కారును రోడ్డు దింపేసే డాక్టర్ ఆయనే.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: కొడుకు, మనవడు కూడా అదే పేరుతో నటులు. 1920లో పుట్టి 1994లో పోయినాయన పేజీయేనా అని చూసుకోండి.